ధరే కొసరు అన్న విమానాలు

2024 ఆగస్టులో ఇండిగోకు 18 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంలోనే, టికెట్లు కొన్నకొద్దీ పాయింట్లు జమై తర్వాత వాటితోనే టికెట్ తీసుకోగలిగే పథకాన్ని బ్లూచిప్ పేరుతో ప్రకటించింది, బిజినెస్ క్లాస్ సీట్లు కూడా తెస్తానంది. దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురు ఎక్కేది ఈ సంస్థ విమానాలే. మధ్యలో 2020లో ఒక బ్యాంకుతో కలిసి క్రెడిట్ కార్డు తెచ్చిందే తప్ప, అన్నేళ్లూ సొంత పాయింట్ల పథకం లేకుండానే ఇంత పెద్దదైంది. మరి ఇప్పుడెందుకు అవసరం పడింది?

కిలో వంకాయలు కొంటే బండివాళ్లు కాస్త కరివేపాకు కొసరు వేస్తారు, రేపు కూడా వాళ్ల దగ్గరికే రావాలని. విమాన పాయింట్లూ అలాంటివే. కాకపోతే కరివేపాకు అప్పుడే సంచిలో పడుతుంది. పాయింటు మాత్రం తర్వాతెప్పుడో ఇస్తామన్న మాట.

ఈ మాట మొదలైంది అమెరికాలో. 1978 దాకా అక్కడ విమాన చార్జీలను ప్రభుత్వ బోర్డే నిర్ణయించేది. ఆ కట్టడి పోగానే ధరల పోటీ మొదలైంది. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పథకం తెచ్చింది. కొద్ది రోజులకే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది. వాటి గురి ఆఫీసు పనిమీద తిరిగేవాళ్ల మీద. టికెట్ డబ్బు కంపెనీది, పాయింట్లు మాత్రం ఆ ఉద్యోగివి. చార్జీ కాస్త ఎక్కువైనా తన జేబుకు చిల్లు పడదు, సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఆ పాయింట్లతో తిరిగిరావచ్చు. నా దృష్టిలో ఈ పథకాల అసలు కీలకం ఇదే. తర్వాత బ్యాంకులు తమ కార్డులవాళ్లకు ఇవ్వడానికి ఈ పాయింట్లను కొనడం మొదలుపెట్టాయి. చివరికి 2020లో కరోనాతో విమానాలు ఆగిపోయినప్పుడు అక్కడి మరో విమాన సంస్థ డెల్టా తన పాయింట్ల పథకాన్ని పూచీగా పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకోగలిగింది.

చవక విమానాల లెక్క వేరు. సొంత డబ్బుతో ఎక్కేవాళ్లు చూసేది చార్జీనే. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి ఒక్క రూపాయి టికెట్లు కూడా అమ్మారు. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి విజయవాడకు తొలి విమానం బయల్దేరబోతుండగానే ఇంజిన్‌లో మంటలొచ్చాయి, అందులో వెంకయ్యనాయుడు కూడా ఉన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అంత జరిగినా జనం ఎయిర్ డెక్కన్ ఎక్కడం మానలేదు. వాళ్లను మళ్లీ రప్పించింది ఆ ధరే, దానికి ఏ కార్డూ అక్కర్లేకపోయింది.

పాయింట్లు ఎంత గట్టివో చూపించినవి రెండు పతనాలు. కింగ్‌ఫిషర్ 2007లో ఎయిర్ డెక్కన్‌లో వాటా కొని దాన్ని తనలో కలుపుకుంది, 2012 అక్టోబరులో ఎగరడమే ఆపేసింది. సభ్యులు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న కింగ్ క్లబ్ పాయింట్లు గాలికి పోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, కానీ దాని పాయింట్లు మిగిలాయి. ఎందుకంటే ఆ పథకాన్ని అప్పటికే వేరే కంపెనీగా విడదీశారు, అందులో 50.1 శాతం వాటా అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్‌ది. తర్వాత దాని పేరు ఇంటర్‌మైల్స్ అయింది. దాచుకున్నవాళ్ల తెలివికీ అమాయకత్వానికీ ఇందులో సంబంధమే లేదు, తేడా అంతా కాగితాల మీద ఎవరి పేరు ఉందన్నదే.

ఇండిగో ఇప్పుడు కోరుకుంటున్నది ఆఫీసు ఖర్చుతో తిరిగే ప్రయాణికులను. కొత్త బిజినెస్ సీట్లు ముందు ఢిల్లీ, ముంబై మధ్య తేవడంలోనే అది తెలుస్తుంది. పాయింట్లు కూడా దూరాన్ని బట్టి కాక పెట్టిన ఖర్చును బట్టి వస్తాయి. 2024లో ఎయిరిండియా కూడా ఖర్చు లెక్కకే మారింది. అంటే నెలల ముందే చవక టికెట్ పట్టుకుని పండక్కి ఊరెళ్లేవాళ్లకు దక్కేది కొంచెమే.

2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు ఎయిర్‌లైన్స్‌ను పాయింట్ల వివరాలు అడిగింది. ఇచ్చిన పాయింట్ల విలువ తర్వాత ఎలా తగ్గిస్తున్నారన్నది అందులో ఒక ప్రశ్న. ఆ నాలుగింటిలో చవక చార్జీలతోనే ఎదిగిన సౌత్‌వెస్ట్ కూడా ఉంది. కోట్లమంది పాయింట్లు కూడబెట్టుకోక ముందే మన పౌర విమానయాన శాఖ కూడా ఇదే ప్రశ్న అడగాలి.