కెప్టెన్ ఎవరి మనిషి? ఫుట్‌బాల్ డ్రెస్సింగ్ రూమ్ తగాదాల పూర్వాపరాలు

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టులో కెప్టెన్‌ను తప్పించారనో, కోచ్‌కూ సీనియర్లకూ పొసగడం లేదనో వార్త వచ్చినప్పుడల్లా దాన్ని ఇద్దరు వ్యక్తుల అహంకారాల గొడవగా చూడడం పరిపాటి. అహంకారం పాత్ర ఎంతోకొంత ఉండే మాట నిజమే. అయితే గత యాభై ఏళ్ల ఉదంతాలను వరుసగా పరిశీలిస్తే, కెప్టెన్ ఆటగాళ్ల ప్రతినిధా, కోచ్‌కు కుడిభుజమా, యాజమాన్యం నియమించిన పెద్దా అన్నది ఎన్నడూ తేలకపోవడమే అసలు చిక్కు అని అర్థమవుతుంది. ఆట నియమావళి కూడా దీన్ని తేల్చలేదు. మూడో నియమం ప్రకారం కెప్టెన్‌కు ప్రత్యేక హోదా గానీ హక్కులు గానీ లేవు; జట్టు ప్రవర్తనకు మాత్రం అతడు కొంతవరకు బాధ్యుడు.

ఆటగాళ్లే కెప్టెన్‌ను ఎన్నుకుంటే ఏమవుతుందో 1973లో ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్ చవిచూసింది. 1971 నుంచి వరుసగా మూడుసార్లు యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల అత్యున్నత టోర్నీ) గెలిచిన ఆ జట్టుకు, కొత్త కోచ్ జార్జ్ నోబెల్ హయాం మొదట్లో కెప్టెన్ కోసం ఓటింగ్ జరిగితే, సహచరులు జట్టులోకెల్లా పెద్ద తార యోహాన్ క్రైఫ్‌ను కాదని పీట్ కైజర్‌ను ఎన్నుకున్నారు. ఆ తీర్పును అవమానంగా భావించిన క్రైఫ్ కొద్ది వారాల్లోనే బార్సిలోనాకు వెళ్లిపోయి, ఆ సీజన్‌లోనే వాళ్లకు స్పెయిన్ లీగ్ టైటిల్ అందించాడు. అయాక్స్ అదే సీజన్ యూరోపియన్ కప్‌లో రెండో రౌండ్‌లోనే సోఫియా జట్టు సీఎస్‌కేఏ చేతిలో ఓడింది. మళ్లీ ఆ కప్పు గెలవడానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. ఓటింగ్ న్యాయంగానే జరిగి ఉండవచ్చు గానీ, దాని ఫలితాన్ని తట్టుకునే ఏర్పాటేదీ క్లబ్బు వద్ద లేకపోయింది.

1995 డిసెంబరు 15న బెల్జియం ఆటగాడు బోస్మన్ వేసిన కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా వేరే క్లబ్బుకు వెళ్లే వీలు కలిగింది. అప్పటి నుంచి, వెళ్లిపోతాడేమో అన్న భయంతో పేరున్న ఆటగాడికి క్లబ్బులు మరింతగా తలొగ్గడం మొదలైంది.

అయితే కాంట్రాక్టుల ప్రమేయం అంతగా లేని జాతీయ జట్టులోనే అన్నిటికన్నా పెద్ద రచ్చ జరిగింది. 2010 ప్రపంచకప్‌లో మెక్సికోతో మ్యాచ్ విరామ సమయంలో ఫ్రాన్స్ ఆటగాడు నికొలా అనెల్కా కోచ్ రేమాఁ దొమెనెక్‌ను దూషించాడని ఒక క్రీడా దినపత్రిక మొదటి పేజీలో ప్రచురించింది. క్షమాపణకు నిరాకరించిన అనెల్కాను ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య ఇంటికి పంపింది. ఆ దూషణ కన్నా, దాన్ని బయటికి చేరవేసిన ఇంటిదొంగే అసలు సమస్య అని కెప్టెన్ పాట్రిస్ ఎవ్రా బహిరంగంగానే అన్నాడు. మర్నాడు, జూన్ 20న, దక్షిణాఫ్రికాలోని నైస్నాలో ఆటగాళ్లు అనెల్కాను పంపేసినందుకు నిరసనగా సాధన మానేసి బస్సెక్కి కూర్చుంటే, తన ఆటగాళ్ల నిరసన ప్రకటనను పత్రికలవారికి చదివి వినిపించే దుస్థితి స్వయానా దొమెనెక్‌కే పట్టింది. ఒక్క పాయింటుతో గ్రూపులో అట్టడుగున నిలిచి ఫ్రాన్స్ వెనుదిరిగింది. తర్వాత సమాఖ్య అనెల్కాపై 18 మ్యాచ్‌ల నిషేధం, ఎవ్రాపై అయిదింటి నిషేధం విధించింది. ఆటగాళ్ల పక్షాన నిలబడడం కెప్టెన్ విధి అనుకుంటే ఎవ్రా దాన్ని నిర్వర్తించినట్టే. సమాఖ్య దృష్టిలో మాత్రం అది నేరమైంది.

క్లబ్బుల్లో ఈ సమస్య ఎంత మొండిదో చెప్పడానికి లండన్ క్లబ్బు ఆర్సెనల్ ఒక్కటి చాలు. డ్రెస్సింగ్ రూమ్ విభేదాలను బయటపెట్టినందుకు 2008లో విలియం గలాస్, మైదానం వీడుతూ సొంత అభిమానులతో తలపడినందుకు 2019లో గ్రానిట్ జాకా, క్రమశిక్షణ ఉల్లంఘనకు 2021 డిసెంబరులో పియెర్-ఎమెరిక్ ఒబమెయాంగ్ అక్కడ కెప్టెన్సీ పోగొట్టుకున్నారు. వీరిలో ఒబమెయాంగ్‌ను నిలుపుకోవడానికి క్లబ్బు 2020లోనే కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. చివరకు పరస్పర అంగీకారంతో దాన్ని గడువుకు ముందే రద్దు చేసి అతణ్ని వదులుకుంది. కోచ్ మికెల్ ఆర్తెతా ఆ సీజన్ ముగిసేదాకా శాశ్వత కెప్టెన్‌ను ప్రకటించలేదు. 2022 జులైలో గానీ మార్టిన్ ఓడెగార్డ్‌కు ఆ బాధ్యత అప్పగించలేదు.