మిడిలార్డర్‌లో చోటు లేక ఓపెనరయ్యాడు

2019 అక్టోబరులో విశాఖపట్నం టెస్టులో రోహిత్ శర్మను మొదటిసారి ఓపెనర్‌గా దించారు. దక్షిణాఫ్రికాపై రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు: 176, 127. అంతకుముందు ఆరేళ్లుగా టెస్టు జట్టులోకి వస్తూ పోతూ ఉన్నవాడు అతను. కింద కుదురుకోని బ్యాటర్‌ను పైకి పంపి చూద్దామనే ధైర్యం మన సెలెక్టర్లకు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, వీరేందర్ సెహ్వాగ్ దగ్గరికే వెళ్లాలి.

నిజానికి ఈ ప్రయోగం సెహ్వాగ్‌తో మొదలవలేదు. అతనికంటే ముందు దీని దెబ్బ తిన్నవాడు మన వీవీఎస్ లక్ష్మణ్. 1997లోనే వెస్టిండీస్‌లో అతన్ని ఓపెనర్‌గా ఆడించారు. బార్బడోస్‌లో 120 కొట్టాల్సిన జట్టు 81కే కుప్పకూలితే, అందులో రెండంకెల స్కోరు లక్ష్మణ్ ఒక్కడిదే, 19. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాక కూడా ఆ చోటు అతనికి అచ్చిరాలేదు. చివరికి ఇక ఓపెనింగ్ చేయనని తెగేసి చెప్పాడు. జట్టులో చోటే పోయే ప్రమాదం ఉన్నా వెనక్కి తగ్గలేదు. ఆ రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 1,415 పరుగులు చేశాడు. మూడో స్థానంలో దిగి కోల్‌కతా ఈడెన్‌లో కొట్టిన 281 ఆ తర్వాతి కథ.

ఇక సెహ్వాగ్. ఢిల్లీ శివారు నజఫ్‌గఢ్ కుర్రాడు, 1978లో పుట్టాడు. 1999 ఏప్రిల్‌లో మొహాలీలో పాకిస్తాన్‌పై తొలి వన్డే ఆడితే, ఒక్క పరుగుకే షోయబ్ అక్తర్ ఎల్బీ చేసి పంపేశాడు. మళ్లీ పిలుపు రావడానికి ఏడాది దాటింది. 2001 నవంబరులో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీన్‌లో తొలి టెస్టు, బ్యాటింగ్ ఆరో స్థానంలో. 68కే నాలుగు వికెట్లు పడిన స్థితిలో సచిన్‌కు తోడుగా నిలిచి 105 కొట్టాడు.

అంత బాగా ఆడినవాణ్ని అక్కడే ఉంచొచ్చు కదా? ఉంచడానికి చోటేదీ! ద్రవిడ్, సచిన్, గంగూలీ, లక్ష్మణ్ ఉండగా మిడిలార్డర్‌లోకి ఎవరు దూరగలరు? పైన మాత్రం ఏ జోడీ నిలకడగా ఉండేది కాదు. 2002 జులైలో ఇంగ్లండ్‌లోని లార్డ్స్‌లో కెప్టెన్ గంగూలీ అతన్ని ఓపెనర్‌గా పంపాడు. 84 చేశాడు. తర్వాతి టెస్టులో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 106. అంతే, ఆ చర్చ ముగిసిపోయింది.

కాళ్లు పెద్దగా కదపడు. తల మాత్రం కదలదు, బంతి ఆఫ్‌స్టంప్ అవతల కాస్త చోటిస్తే చాలు, చేతులు పని కానిచ్చేస్తాయి. కొత్త బంతిని వదిలేయడమే ఓపెనర్ ధర్మమని చెప్పే కోచ్‌లకు ఇతను కొరకరాని కొయ్యే.

2003 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి రోజే 195కు చేరి, సైమన్ కటిచ్ బౌలింగ్‌లో సిక్సర్‌తోనే డబుల్ సెంచరీ అందుకోబోయి బౌండరీ దగ్గర దొరికిపోయాడు. జట్టు 366కు ఆలౌటై చివరికి మ్యాచే ఓడింది. ఆ షాట్‌కు తిట్టనివాళ్లు లేరు. మూడు నెలలకు పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో 295 మీద ఉన్నాడు. భారత క్రికెట్‌లో అప్పటికి ట్రిపుల్ సెంచరీయే లేదు. సక్లయిన్ ముస్తాక్ బంతి వేశాడు, ఇతను క్రీజు వదిలి ముందుకొచ్చి సిక్సర్ బాదాడు. అదే తెగింపు, ఈసారి చప్పట్లు. మొత్తం 309. 2008 మార్చిలో చెన్నైలో దక్షిణాఫ్రికాపై 319 కూడా కొట్టాడు. 300 చేరడానికి పట్టినవి 278 బంతులే.

నన్నడిగితే అతని అసలు ఇన్నింగ్స్ ఇవి రెండూ కావు. అదే ఏడాది శ్రీలంకలోని గాలెలో స్పిన్నర్లు మెండిస్, మురళీధరన్ తిప్పేస్తుంటే జట్టు స్కోరు 329, అందులో సెహ్వాగ్‌వి 201, నాటౌట్. ఆ టెస్టు భారత్ గెలిచింది.

లోపాలు లేవని కాదు. ఇంగ్లండ్‌లో అతని టెస్టు సెంచరీ ఆ ట్రెంట్‌బ్రిడ్జ్‌ది ఒక్కటే, దక్షిణాఫ్రికాలో ఆ తొలి టెస్టుది ఒక్కటే, న్యూజిలాండ్‌లో ఒక్కటీ లేదు. బంతి గాల్లో, పిచ్ మీద కదిలే చోట ఆ కదలని కాళ్లే పట్టిచ్చేవి. 2011లో ఎడ్జ్‌బాస్టన్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ తొలి బంతికే ఔటయ్యాడు. అయినా 104 టెస్టుల్లో 8,586 పరుగులు, సగటు 49.34. వంద బంతులకు 82 పరుగుల చొప్పున, ఆ వేగంతో అన్ని పరుగులు చేసిన ఓపెనర్‌ను అంతకుముందు టెస్టు క్రికెట్ చూడలేదు.

2013 మార్చిలో హైదరాబాద్ ఉప్పల్‌లో ఆస్ట్రేలియాపై ఆడిందే అతని చివరి టెస్టు. అప్పటికి కళ్లద్దాలు పెట్టుకుని ఆడుతున్నాడు. 6 పరుగులకే వెనుదిరిగాడు. ఆ తర్వాత మురళీ విజయ్, పుజారా రెండో వికెట్‌కు 370 జోడించారు. తర్వాతి టెస్టుకు సెహ్వాగ్‌ను పక్కనపెట్టి శిఖర్ ధావన్‌ను తీసుకున్నారు. ధావన్ తొలి టెస్టులోనే 85 బంతుల్లో సెంచరీ బాదాడు. అదీ మొహాలీలో, పద్నాలుగేళ్ల కిందట సెహ్వాగ్ ఒక్క పరుగుకు ఔటైన ఊళ్లోనే.