డిస్కు పేరులో ఏముంది, అంకెల్లో ఏముంది

చిరంజీవులకు ఆశీస్సులు.

బంతికి బదులు డిస్కును విసిరి బుట్టలో వేసే డిస్క్ గోల్ఫ్ మొదలుపెట్టబోతూ, ‘ఛాంపియన్ లెపర్డ్’ అనే డిస్కు అంటే విజేతలు వాడేదా అని అడిగారు. కాదు. ఇన్నోవా కంపెనీ పెట్టే పేర్లలో మొదటి మాట ప్లాస్టిక్ రకాన్ని, రెండోది డిస్కుకు ఆకారమిచ్చే అచ్చును తెలుపుతాయి. అదే లెపర్డ్‌ను డీఎక్స్ ప్లాస్టిక్‌తో పోస్తే చవకగా వస్తుంది, చేతికి పట్టు దొరుకుతుంది, కాని చెట్లకు తగిలి తొందరగా అరుగుతుంది. ఛాంపియన్ ప్లాస్టిక్ గట్టిది. అచ్చు పేర్లు మాత్రం కంపెనీల ముచ్చట: ఎంవీపీ వారు అయాన్, వోల్ట్, టెస్లా అంటూ భౌతికశాస్త్రాన్నంతా డిస్కులకెక్కించారు. వాటిని బట్టి డిస్కు ఎలా ఎగురుతుందో ఊహించలేరు.

రకం తెలియాలంటే డిస్కును వెల్లకిలా తిప్పి, వేళ్లు పట్టుకునే అంచును చూడండి. దగ్గరి నుంచి బుట్టలోకి విసిరే పట్టర్‌కు అది సన్నగా, బయటివైపు మొద్దుగా ఉంటుంది. మధ్యదూరానికి మిడ్‌రేంజ్, ఇంకా దూరానికి ఫెయిర్‌వే డ్రైవర్, అన్నిటికంటే దూరానికి డిస్టెన్స్ డ్రైవర్ అని పోయేకొద్దీ అంచు వెడల్పై, కొస పదునెక్కుతుంది. పోటీ నియమాల ప్రకారం ఆ వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇక అంకెలు. ఇన్నోవా తన ఫెయిర్‌వే డ్రైవర్ లెపర్డ్‌కు 6, 5, -2, 1 అనీ, డిస్టెన్స్ డ్రైవర్ డిస్ట్రాయర్‌కు 12, 5, -1, 3 అనీ ఇచ్చింది. ఇవి వరుసగా స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. చాలామంది తడబడేది మొదటి అంకె దగ్గరే. స్పీడ్ 12 అంటే డిస్కు మీకిచ్చే వేగం కాదు, అది సరిగా ఎగరడానికి మీ చెయ్యి దానికివ్వవలసిన వేగం. గ్లైడ్ అంటే గాలిలో తేలే గుణం. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్‌గా, అంటే చేతిని ఒంటికి అడ్డంగా ఎడమవైపు నుంచి తెచ్చి విసిరినప్పుడు వేగం మీదున్న డిస్కు కుడికి ఒరగడం టర్న్, మైనస్ అంకె పెరిగేకొద్దీ ఆ ఒరుగు ఎక్కువ. వేగం తగ్గాక ఎడమకు వాలడం ఫేడ్. ఎడమచేతివారికి ఇదంతా తారుమారు. కొత్తవారి చేతిలో డిస్ట్రాయర్ టర్న్‌కు కావలసిన వేగం అందక, ఫేడ్ ముందే మొదలై, ఎడమకు తిరిగి నేల కూలుతుంది. లెపర్డ్ అయితే అదే చేతితో చక్కగా ముందుకు సాగుతుంది. అందుకే మీకు నేను ఒక పట్టర్, ఒక మిడ్‌రేంజ్, ఒక లెపర్డ్ చాలంటాను.

ఈ అంకెలు ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇచ్చుకునేవి కనుక, ఒకరి 7, మరొకరి 7 అచ్చంగా ఒకటి కావు. పైగా వాడుకలో అరిగిన డిస్కు కొత్తదానికంటే ఎక్కువ కుడికి ఒరుగుతుంది. పాతది కొనేటట్లయితే, అంకెలకంటే ముందు అంచును వేలితో తడిమి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య