'గో' ఇంట పెంపుడు బిడ్డ 'వెంట్'

చిరంజీవులకు ఆశీస్సులు.

'ప్లే'కి 'ప్లేడ్' అయినప్పుడు 'గో'కి 'గోడ్' కాకుండా 'వెంట్' ఎందుకొచ్చిందన్నది మంచి అనుమానమే. 'వెంట్' దాని కన్నబిడ్డ కాదు, పెంచుకున్న బిడ్డ. కన్నది 'వెండ్' అనే మరో క్రియ. తిరగడం, మళ్లడం దాని పాత అర్థం. 'సెండ్'కి 'సెంట్', 'బెండ్'కి 'బెంట్', 'స్పెండ్'కి 'స్పెంట్' అయినట్టే 'వెండ్'కి 'వెంట్'. ఆ వరసలో నిలబెట్టి చూస్తే వింతేమీ లేదు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో 'గో' రూపం 'గాన్'. దాని భూతకాలం అప్పుడు కూడా సొంతం కాదు, ఇంకో ధాతువుకు చెందిన 'ఏఓదె'. రానురాను 'వెండ్'కి వెళ్లడమనే అర్థం బలపడి, దాదాపు 1500 నాటికి 'ఏఓదె' చోటు 'వెంట్'కి దక్కింది. బిడ్డను పోగొట్టుకున్న 'వెండ్' కొత్తగా 'వెండెడ్' చేసుకుంది. స్కాట్లండు మాటలో మాత్రం 'గేడ్' అనేవారు. మీ 'గోడ్'కి అది దగ్గర చుట్టం!

మన 'రా', 'వచ్చాను' కూడా ఒకదానికొకటి పోలిక లేనట్టే కనిపిస్తాయి. కానీ వాటి మూలం ఒక్కటేనని భాషావేత్తలు తేల్చారు. 'గో', 'వెంట్' సంగతి అలా కాదు.

అర్థాల్లో 'గో'కి అసలు జోడీ మన 'పోవు'. పాలు చెడిపోతే 'గో బ్యాడ్'. 'చెడిపోవు'లో ఉన్నదీ పోవడమే, పాలు ఎక్కడికీ నడవకపోయినా. 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అంటే 'వాన పడబోతోంది'. ఆ 'బో' ఎవరనుకున్నారు? 'పోవు'లోని 'పో'యే. కదలిక చెప్పే మాట రాబోయే కాలాన్ని చెప్పడం రెండు భాషల్లోనూ జరిగింది.

తప్పులు పడేది ఎక్కువగా ఇక్కడ: 'డిడ్' ఉంటే భూతకాలం అందులోనే ఉంది, కాబట్టి 'డిడ్ గో' అనాలి, 'డిడ్ వెంట్' అనకూడదు. 'హ్యావ్' తర్వాత 'గాన్' (gone, పైన చెప్పిన పాతకాలపు 'గాన్' కాదు) రావాలి. 'గో హోమ్', 'గో స్విమ్మింగ్' అనేటప్పుడు మధ్యలో 'టు' అక్కర్లేదు. ఇంకొకటి, పెద్దలూ తడబడేది: 'షీ హ్యాజ్ గాన్ టు లండన్' అంటే ఆమె ఇంకా తిరిగి రాలేదు. వెళ్లి వచ్చేసి ఉంటే 'గాన్' తీసి 'బీన్' పెట్టాలి.

మీ తాతయ్య