టికెట్‌లో ఆరున్నర గంటలు, ఆకాశంలో నాలుగే

తిరుపతిలో మా వీధి పెద్దావిడ ఒకరు సింగపూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ టికెట్ కాగితం తెచ్చి చూపించారు. చెన్నైలో రాత్రి 11.30కి ఎక్కితే సింగపూర్‌లో ఉదయం 6.00కి దిగుతారు. తిరుగు టికెట్‌లో అక్కడ ఉదయం 9.00, చెన్నైలో 10.30. "పోయేదానికి ఆరున్నర గంటలు, వచ్చేదానికి గంటన్నరా? తప్పు కొట్టినారేమో చూడు నాయనా" అని ఆమె టెన్షన్.

తప్పేం లేదు. చెన్నై నుంచి సింగపూర్‌కు నేరుగా లెక్కేస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. పోయినా వచ్చినా నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. టికెట్ మీద మాత్రం ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

ఆ రెండున్నర మాత్రం మొదటినుంచీ ఉన్నది కాదు. మన వైపు కథ మద్రాసులో మొదలవుతుంది. అక్కడి అబ్జర్వేటరీ లెక్కతో నడిచిన మద్రాసు టైము, ప్రపంచ గడియారాలకు కొలమానమైన ఇంగ్లండులోని గ్రీనిచ్ టైము కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయికీ కలకత్తాకీ మధ్యస్థంగా ఉందని దేశంలో రైళ్లన్నీ చాలాకాలం దాంతోనే నడిచాయి. 1906 జనవరి 1న ఐదున్నర గంటల భారత ప్రామాణిక కాలం వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు, అది 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటులో ఉన్న తిరుపతి గడియారాలు ఓ తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయంతే. కలకత్తా అయితే 1948 దాకా తన టైము వదల్లేదు.

సింగపూర్ గడియారం ఇంకా ఎక్కువ తిరిగింది. 1942లో జపాన్ ఆక్రమించుకోగానే టోక్యో టైము పెట్టించింది. యుద్ధం అయ్యాక మళ్లీ గ్రీనిచ్ కంటే ఏడున్నర గంటలు ముందుండే టైముకు వచ్చారు. అంటే మనకూ వాళ్లకూ తేడా సరిగ్గా రెండు గంటలు. తర్వాత మలేషియా తన తూర్పు, పడమర భాగాలకు ఒకే టైము ఉండాలని ఆ ఏడున్నర గంటల తేడాను ఎనిమిదికి మారిస్తే సింగపూర్ కూడా అదే బాట పట్టింది. 1981 డిసెంబరు 31 రాత్రి 11.30కే అక్కడ పన్నెండు కొట్టేసింది. ఆవిడ టికెట్‌లోని ఆ అరగంట అప్పటిదే.

కువైట్‌కు పోయే మనవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ రెండున్నర గంటలు వెనక. ఐదు గంటల ప్రయాణమైనా చెన్నైలో 6.00కి ఎక్కితే టికెట్‌లో 8.30కే దిగినట్టు ఉంటుంది. చలికాలంలో వచ్చేటప్పుడు పడమటి గాలులు వెనకనుంచి తోస్తాయి కాబట్టి కొంత కలిసొస్తుంది.

నన్నడిగితే అసలు దూరం రోడ్డుది. రేణిగుంటలో ఉన్న మన తిరుపతి ఎయిర్‌పోర్టులో 2015లో గరుడ టెర్మినల్ తెరిచారు, 2017లో అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. అయినా ఇన్నేళ్లుగా మనవాళ్లు చెన్నైకో బెంగళూరుకో పోయే ఎక్కుతున్నారు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మూడున్నర గంటలు, ఎయిర్‌పోర్టులో మూడు గంటలు ముందు. సాయంత్రం ఐదుకి ఇల్లు కదిలితే పదిన్నర గంటల తర్వాత సింగపూర్‌లో దిగుతారు. అందులో విమానంలో ఉండేది నాలుగే.

ఇదంతా టికెట్ వెనక రాసిచ్చాను. ఆవిడ చదివి మడిచి పర్సులో పెట్టుకున్నారు. "వాచీ మాత్రం మార్చను నాయనా, బీపీ మాత్ర ఇక్కడి టైముకే వేసుకోవాల" అన్నారు.