తుంటి ఇంపింజ్‌మెంట్‌కు కీహోలా, ఓపెనా? అపోహలు - వాస్తవాలు

తుంటి ఇంపింజ్‌మెంట్ అంటే తొడ ఎముక తల దగ్గరి భాగం, అది కూర్చునే తుంటి గిన్నె అంచు ఒకదానికొకటి ఒరుసుకోవడం. దీనికి చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది కీహోల్, పెద్ద కోతతో తలను గిన్నెలోంచి బయటకు జార్చి చేసేది ఓపెన్. గత వారం ఒకాయన నేను ఎక్స్‌రే కవరు విప్పకముందే "కీహోల్‌తో అయిపోతుంది కదండీ, పెద్ద కోత వద్దు" అన్నారు. ఈ మాట వినని వారం నాకు అరుదు.

అపోహ: కీహోల్ చిన్న ఆపరేషన్, ఏ దశలో చేయించుకున్నా కీలు మార్పిడి తప్పుతుంది.

వాస్తవం: కోత పొడవు చర్మానికి సంబంధించిన సంగతి. కీహోల్‌లోనైనా ఓపెన్‌లోనైనా లోపల చేసే పని ఒకటే: తొడ ఎముక మెడ దగ్గర క్యామ్ అనే ఎముక ఉబ్బును చెక్కడం, గిన్నె అంచు మితిమీరి ఉంటే తగ్గించడం, చిరిగిన లాబ్రమ్‌ను, అంటే గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తని వలయాన్ని, కుట్టడం. ఫలితాన్ని తేల్చేది ఎముకల చివర్లను కప్పే మృదులాస్థి ఎంత మిగిలిందన్నది; అది అరిగేకొద్దీ కీలు సందు తగ్గుతుంది. ఎక్స్‌రేలో కీలు సందు 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గినవారు కీహోల్ చేయించుకున్నా కొద్ది కాలానికే మార్పిడికి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. నా తొలి ఏళ్లలో, సందు దాదాపు మూసుకుపోయిన ఒక ఉపాధ్యాయుడు మార్పిడి పేరెత్తగానే కళ్లనీళ్లు పెట్టుకుంటే మెత్తబడి కీహోల్ చేశాను. ఏడాదిన్నర తిరగకముందే మార్పిడీ నేనే చేయవలసి వచ్చింది. ఖర్చు రెండింతలైనా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఆ కేసు మరచిపోలేను. మార్పిడి అంటే ఉండే ఆ భయం నాకు అర్థమవుతుంది; దాన్ని సొమ్ము చేసుకునే వాట్సాప్ వీడియోలనే సహించలేను. టెన్నిస్ ఆటగాడు ఆండీ మరే పేరు చెప్పి కీహోల్ అడిగేవారు గమనించాలి: 2018 జనవరిలో తుంటికి కీహోల్ చేయించుకున్నా నొప్పి వదలక, 2019 జనవరిలో లోహపు రీసర్ఫేసింగ్ (అరిగిన కీలు ఉపరితలాలకు లోహపు తొడుగు వేయడం) చేయించుకున్నాకే ఆయన ఆ అక్టోబరులో ఆంట్‌వెర్ప్ సింగిల్స్ టైటిల్ గెలిచారు.

అపోహ: ఓపెన్‌లో తుంటి జార్చితే రక్తం అందక ఎముక తల చచ్చిపోతుంది.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు చెందిన గాంజ్ బృందం 2001లో ఈ పద్ధతిని వివరిస్తూ, 213 తుంటి కీళ్లలో ఒక్కదానికీ అలా జరగలేదని నివేదించింది. ఉబ్బు వెనక్కు పాకినప్పుడు, చిన్ననాటి పెర్తిస్ (రక్తం అందక తొడ ఎముక తల దెబ్బతినే జబ్బు) వల్ల తల ఆకారమే మారినప్పుడు నేటికీ ఓపెనే మేలు. అయితే ఓపెన్‌లో దారి కోసం కోసిన ట్రోకాంటర్‌ను (తొడ ఎముక పైభాగంలో బయటివైపు ఉండే ఎముక గడ్డను) స్క్రూలతో బిగిస్తాం కనుక ఎముక అతికేదాకా కొన్ని వారాలు చంకకర్రలు తప్పవు. కీహోల్‌లో ఉబ్బును పూర్తిగా చెక్కకపోవడమే రెండో ఆపరేషన్‌కు దారితీసే ప్రధాన కారణాల్లో ఒకటి.

అపోహ: ఎంఆర్ఐలో ఉబ్బు కనిపిస్తే ఆపరేషన్ ఖాయం.

వాస్తవం: నొప్పే లేని ఎందరికో ఆ ఉబ్బు ఉంటుంది. 348 మందితో బ్రిటన్‌లో జరిగి 2018లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో ఫిజియోథెరపీ చేసుకున్నవారూ మెరుగుపడ్డారు, కీహోల్ చేయించుకున్నవారు కొంత ఎక్కువగా మెరుగుపడ్డారు. అందుకే ముందు కొన్ని నెలలు వ్యాయామం చేయించి, బాసిపట్టు వేసి కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మాన్పించి చూస్తాను.