ఉక్రోషంతో ఆడితే ఏమవుతుంది? ఆన్‌లైన్ పోటీ ఆటలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేటల్లోని కాలేజీ పిల్లల జట్లకు బీజీఎంఐ, వాలొరెంట్ అనే తుపాకుల పోటీ ఆటల్లో శిక్షణ ఇవ్వడం నా పని. శిక్షణ అంటే గురి నేర్పడమే అనుకుంటారు చాలామంది. నా సమయంలో ఎక్కువ భాగం ఓడిపోయిన మ్యాచ్‌ల రికార్డింగులను పిల్లల పక్కన కూర్చుని చూడటానికే సరిపోతుంది. నైపుణ్యం చాలక ఓడిన మ్యాచ్‌లు ఎలాగూ ఉంటాయి. గెలవాల్సినవాళ్లు ఓడిన మ్యాచ్‌లను వెనక్కి తిప్పి చూస్తే మాత్రం ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఉడుక్కోవడం, అక్కడినుంచి ఆట జారిపోవడం కనిపిస్తుంది. ఈ ఉక్రోషం గురించి ఆడేవాళ్లలోనూ వాళ్ల ఇళ్లలోనూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు పిల్లలకు చేటు చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కోపం వస్తేనే ఆట పదునెక్కుతుంది

అన్నిటికంటే ఎక్కువగా నా చెవిన పడే మాట ఇదే. ఇందులో పిసరంత నిజం ఉంది కాబట్టే ఇంతకాలం బతికింది. 1908లో యెర్కిస్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలతో ప్రయోగాలు చేశారు. పని తేలికైనదైతే కరెంటు షాకు తీవ్రత పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. పని కష్టమైనదైతే ఒక స్థాయి దాటిన షాకు వాటిని వెనక్కి లాగింది. పోటీ ఆట ఈ రెండో రకం పని. అడుగుల చప్పుడు వినాలి, మ్యాప్ చూడాలి, తుపాకీలో ఎన్ని గుళ్లు మిగిలాయో గుర్తుండాలి, తోటివాడు చెప్పేది చెవికెక్కాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో జరగాలి. మరిగిపోతున్న బుర్రకు ఇందులో సగం కూడా అందదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కోపంలో ఉన్నవాళ్లకు ప్రమాదం చిన్నదిగా కనిపిస్తుందని, భయంలో ఉన్నవాళ్లకు అదే పెద్దదిగా కనిపిస్తుందని లెర్నర్, కెల్ట్‌నర్ అనే మనస్తత్వవేత్తలు 2001లో చూపించారు. ఆ మాట నిజమని నాకు రోజూ తెర మీద రుజువవుతూనే ఉంటుంది.

ఒక రికార్డింగు సంగతి చెబుతాను. నలుగురి స్క్వాడ్. రెండంతస్తుల ఇంటి పై కిటికీలోంచి వచ్చిన దెబ్బకు మనవాడు పడిపోయాడు. తోటివాడు పొగ గ్రెనేడ్ విసిరి, ఆ చాటున వచ్చి లేపాడు. లేచినవాడికి ప్రాణం అడుగంటింది. చెట్టు వెనకే కూర్చుని కట్టు కట్టుకోవాలి, దానికి కొన్ని సెకన్లు చాలు. మొదలుపెట్టాడు కూడా. కానీ కెమెరా మాత్రం ఆ కిటికీ వైపే తిరిగి ఉంది. కట్టు మధ్యలో ఆపేసి, అదే చెట్టుకు అదే పక్కనుంచి మళ్లీ తల బయటపెట్టాడు. అవతలివాడు తుపాకీ కదపకుండా అక్కడే కాచుకుని ఉన్నాడు. మనవాడు రెండోసారి పడ్డాడు. లేపబోయినవాడూ పోయాడు. రికార్డింగు ఆపి ‘ఎందుకు వెళ్లావు?’ అని అడిగితే, ‘వాణ్ని వదలకూడదనిపించింది సార్’ అన్నాడు. ఆట సాగేకొద్దీ మ్యాప్ మీద ఒక వలయం కుంచించుకుపోతుంది, దాని బయట ఉన్నవాళ్ల ప్రాణం తగ్గిపోతూ ఉంటుంది. ఆ ఇల్లు అప్పటికే ఆ వలయం బయట ఉంది. కాసేపు ఆగితే లోపలివాడే తలుపు తీసుకుని మైదానంలోకి రాక తప్పేది కాదు.

ఆ కుర్రాడు మా జట్టులో గురి బాగా కుదిరినవాళ్లలో ఒకడు. ఉక్రోషం ముందు నిర్ణయాన్ని చెడగొడుతుంది, చెయ్యి తర్వాత చెడుతుంది. మన దగ్గర చాలామంది గైరోస్కోప్‌తో ఆడతారు, అంటే ఫోను కదిపితే గురి కదులుతుంది. పళ్లు బిగబట్టి ఫోనును పిసికినట్టు పట్టుకుంటే మణికట్టు బిగుసుకుని గురి వణుకుతుంది. ఆ వణుకు చూసి సెన్సిటివిటీని, అంటే ఫోను ఎంత కదిపితే గురి ఎంత కదలాలన్న సెట్టింగును మార్చేవాళ్లను, మరునాడు చెయ్యి మామూలుగా ఉన్నప్పుడు ఆ కొత్త అంకెలతో అవస్థపడేవాళ్లను చాలామందిని చూశాను. ఓడిన రాత్రి సెట్టింగులు ముట్టుకోవద్దని మా పిల్లలకు గట్టిగా చెబుతాను.

మాట కూడా చెడుతుంది. మ్యాచ్ మొదట్లో ‘నూట తొంభై, ఎర్ర ఇల్లు, పై కిటికీ, ఒక్కడే’ అని చెప్పిన నోరే, రెండుసార్లు పడ్డాక ‘నాకెవరూ కవర్ ఇవ్వరేం?’ అంటుంది. మొదటి మాటలో దిక్కు, చోటు, సంఖ్య మూడూ ఉన్నాయి. రెండో మాట వల్ల తోటివాడికి అందేది నిందే. అత్త మీద కోపం దుత్త మీద చూపితే, శత్రువు ఒక్క గుండు కూడా ఖర్చు పెట్టకుండా స్క్వాడ్ ముక్కలవుతుంది.

అపోహ: గట్టిగా అరిచేస్తే కోపం దిగిపోతుంది

దిగదు, పెరుగుతుంది. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 2002లో అచ్చయింది. వాళ్లు రాసిన వ్యాసాలను ఘోరంగా విమర్శించి కోపం తెప్పించారు. ఆ తర్వాత కొందరిని, విమర్శించినవాణ్ని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుంటూ గుద్దమన్నారు. మిగిలినవాళ్లను ఊరికే కూర్చోబెట్టారు. తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికంటే తక్కువ దూకుడు చూపించారు.

నయీంనగర్ హాస్టల్ గదిలో నలుగురు నాలుగు మంచాల మీద కూర్చుని ఆడుతుంటే, ఒకడి అరుపు మిగతా ముగ్గురి గుండె వేగాన్నీ పెంచుతుంది. మా జట్లకు ఒక నియమం పెట్టాను. మ్యాచ్ ముగిసిన వెంటనే దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఫోను బోర్లా పెట్టి, లేచి నిలబడి, మంచినీళ్లు తాగి, ఊపిరిని నెమ్మదిగా వదులుతూ వరండాలో నాలుగు అడుగులు వేయాలి. తప్పొప్పుల చర్చ ఆ తర్వాతే, అదీ రికార్డింగు ముందు పెట్టుకునే.

అపోహ: అయితే కోపాన్ని మింగేసి నవ్వుతూ ఆడాలి

అదీ కాదు. భావాన్ని ముఖంలో కనిపించనీయకుండా అణచుకోమన్నప్పుడు మనుషులకు ఎదుట జరుగుతున్నది సరిగా గుర్తుండదని రిచర్డ్స్, గ్రాస్ 2000లో చూపించారు. అణచుకోవడం కూడా బుర్రకు ఒక పనే. ‘నాకు చిరాగ్గా ఉంది, ఈ రౌండు నువ్వు నడిపించు’ అని తోటివాడితో పైకి చెప్పేవాడు నా దృష్టిలో పరిణతి ఉన్న ఆటగాడు.

అపోహ: నాకెప్పుడూ చెత్త జట్టే వస్తుంది, సర్వర్ కావాలనే ఓడిస్తోంది

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుందని ఈ ఫిర్యాదును కొట్టిపారేయడం తేలిక. కానీ పిల్లలు దీన్ని మనస్ఫూర్తిగా నమ్ముతారు, నమ్మి కుమిలిపోతారు. అందుకే కాగితం, కలం తీసుకుని లెక్క చూపిస్తాను.

చదరంగంలో ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతి తరహాలోనే ఈ ఆటలు కూడా సమ ఉజ్జీలను కలపడానికి ప్రయత్నిస్తాయి. వాలొరెంట్‌లో ఐదుగురికి ఐదుగురు. పద్ధతి బాగా పనిచేసేకొద్దీ మీ గెలుపులు సగానికి దగ్గరవుతాయి. సగం గెలిచే ఆటగాడు 20 మ్యాచ్‌లు ఆడితే, వాటిలో ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు ఓటములు వచ్చే అవకాశం దాదాపు సగం. వరుసగా ఐదు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎవరి కుట్రా అక్కర్లేదు, బొమ్మా బొరుసూ ఎగరేసినా అంతే. ఇక చెత్త ఆటగాళ్ల సంగతి. మీ వైపు మీరు కాక నలుగురే కొత్తవాళ్లు, అవతల ఐదుగురు. మీరు నిలకడగా ఆడేవారైతే, పాడుచేసేవాడు అవతలి జట్టులో పడే అవకాశమే కొంచెం ఎక్కువ. అలాంటివాడు అవతల పడ్డ రోజు మనం దాన్ని గుర్తుపెట్టుకోం, మన ప్రతిభ ఖాతాలో వేసుకుంటాం.

అయితే పిల్లల ఫిర్యాదులన్నీ కట్టుకథలు కావు. కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. దానిపైన పింగ్, అంటే ఫోనునుంచి ఆటను నడిపే సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఇంకో 150 చేరితే ఎంత గొప్ప ఆటగాడైనా వెనకబడతాడు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు, ఛార్జింగ్ పెట్టి ఆడే ఫోను వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, తెర మీద ఆట ముక్కలు ముక్కలుగా కదులుతుంది. ఆ స్థితిలో ర్యాంక్ మ్యాచ్, అంటే గెలుపోటములను బట్టి ఆటగాడి స్థాయి పెరిగే, తగ్గే మ్యాచ్ ఆడించకూడదు. ముందు పింగ్, ఫోను వేడి చూసుకోండి. అవి బాగున్నాక కూడా ఓడితే రికార్డింగు చూడండి.

అపోహ: తుపాకుల ఆట కాబట్టే పిల్లవాడు కోపిష్టి అవుతున్నాడు

తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. 2014లో ప్రిజిబిల్‌స్కీ, డెసీ, రిగ్బీ, రయాన్ ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. పైనుంచి పడే ముక్కలను పేర్చే, రక్తపు చుక్క లేని టెట్రిస్ ఆటను వాళ్లు కావాలని కష్టంగా మార్చారు. అవసరమైన ముక్క రాకుండా, ఇమడని ముక్కలే వచ్చేటట్టు చేశారు. అలా ఆడినవాళ్లలో దూకుడు భావాలు పెరిగాయి. తన చేతిలో ఏమీ లేదు, తనకు చేతకావడం లేదు అన్న భావన మనిషిని రగిలిస్తుంది. అందుకే ‘ఆ చంపుకునే ఆట మానెయ్’ అనడంకంటే, ‘ఈరోజు ఏది కుదరలేదు నాన్నా?’ అని అడిగితే బిడ్డ నోరు విప్పుతాడు.

అపోహ: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి, ఒక్క మ్యాచ్ గెలిచి పడుకుంటాను

పేకాట బల్ల దగ్గర కూడా ఇదే మాట వినిపిస్తుంది. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఈస్పోర్ట్స్‌ను, అంటే మేం ఆడే ఇలాంటి పోటీ ఆటలను, అలాంటి ఆటలనుంచి వేరుచేసి గుర్తింపునిచ్చింది. చట్టం వేరుచేసినా, పోయిన ర్యాంకు పాయింట్ల వెంటపడే మనసుకు, పోయిన డబ్బు వెంటపడే మనసుకు తేడా తక్కువ. రాత్రి ఒంటిగంటకు, నిద్రలేని కళ్లతో, నాలుగో ఓటమి తర్వాత మొదలుపెట్టే మ్యాచ్ ఆటగాడి అసలు స్థాయిని చూపించదు. వరుసగా రెండు ఓడితే ఆ పూటకు ర్యాంక్ ఆట ఆపాలన్నది మా దగ్గర నియమం. సాధన మైదానంలో ఎంతసేపైనా కాల్చుకోవచ్చు.

అపోహ: ఓడినప్పుడు కేకలేస్తే అది వ్యసనమే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితమంతా ఆట తర్వాతే కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా సాధారణంగా 12 నెలల పాటు కనిపించడం అందులోని గుర్తులు. ఒక సాయంత్రపు చిరాకు వీటిలో లేదు. చదువు, తిండి, నిద్ర, స్నేహాలు నెలల తరబడి దెబ్బతింటుంటే మాత్రం ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

అమ్మానాన్నలకు ఇంకొక్క విన్నపం. మ్యాచ్ మధ్యలో వైఫై కట్టేయకండి, ఫోను లాక్కోకండి. బీజీఎంఐ పెద్ద మ్యాప్‌లో చివరిదాకా నిలిస్తే ఒక మ్యాచ్‌కు అరగంట వరకు పడుతుంది, అవతల ముగ్గురు మీ అబ్బాయిని నమ్ముకుని ఉంటారు. ‘ఇది అయ్యాక భోజనానికి రా’ అని చెప్పి, మ్యాచ్ ముగియగానే పక్కన నిలబడండి. తర్వాతి మ్యాచ్ మొదలుకాకముందే ఫోను అడిగి తీసుకోండి.